బడి పిల్లల ఆకలిని పాలనా బాధ్యతగా గుర్తించిన సర్ పిట్టి త్యాగరాయ శెట్టి

(ఏప్రిల్ 27 త్యాగరాయ శెట్టి జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

గుంటూరు నగరంలో అంతర్భాగమైన నల్లపాడు పరిసరాలలో ఏటా చలికాలం మొదలుకొని వేసవి ఆరంభం వరకు పత్తి తీతలు, మిరప కోతలు ముమ్మరంగా సాగుతాయి. తెల్లవారకముందే కూలి పనులకు బయలుదేరే తల్లులకు పిల్లల కోసం ఉదయపు వంట చేసే తీరిక ఉండదు. కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల నుండి మిరప కోతలకు వలస వచ్చే కుటుంబాల పిల్లల పరిస్థితి మరింత క్లిష్టమైనది. ఇటువంటి ఇళ్ల నుండి వచ్చే పిల్లలను బడిలో నిలిపి ఉంచుతున్న వాటిలో పలక, పుస్తకాలతో పాటు మధ్యాహ్నం వడ్డించే భోజనం కూడా ఒకటి. అన్నం, పప్పు, కూర, కోడిగుడ్డు, వేరుశనగ చిక్కీ, రాగిజావ నేడు రాష్ట్రంలోని ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు సుపరిచితమైన పదార్థాలు.

ఈ భోజనపు పళ్లెం వెనుక ఒక శతాబ్దానికి పైబడిన చరిత్ర కలదు. ఆకలితో వచ్చిన పిల్లవానికి అన్నం పెట్టడం దాతల దయకు విడిచిపెట్టవలసిన విషయమా, లేక విద్యావ్యయంలో భాగమా అన్న ప్రశ్న 1920లోనే మద్రాసు నగర పాలక సంస్థ ముందుకు వచ్చింది. గుంటూరు జిల్లా కూడా మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న రోజులవి. ఆ ప్రశ్నకు స్పష్టమైన సమాధానం చెప్పి, అందుకు నిధులు మంజూరు చేయించిన నగర పాలక సంస్థ అధ్యక్షులు తెలుగువారైన సర్ పిట్టి త్యాగరాయ శెట్టి. జస్టిస్ పార్టీ వ్యవస్థాపకులలో ఒకరుగా ఆయన పేరు ప్రసిద్ధం. చెన్నై నగరంలోని త్యాగరాయ నగర్ ఆయన పేరుతోనే వెలసింది. అయితే నేటి బడి భోజనానికి బీజం వేసిన పురపాలకునిగా ఆయనను స్మరించుకొనేవారు తక్కువ.

బాల్యం - విద్య - వ్యాపారం

త్యాగరాయ శెట్టి 1852 ఏప్రిల్ 27న మద్రాసు రాష్ట్రంలో తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబంలో జన్మించారు. దేవాంగుల కులవృత్తి చేనేత. ఆ రోజులలో సంపన్న వ్యాపార కుటుంబాలలో సైతం కళాశాల చదువు అరుదు. త్యాగరాయ శెట్టి మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి 1876లో పట్టభద్రులయ్యారు. సరిగ్గా అదే కాలంలో దక్షిణాదిని మహాక్షామం కబళించింది. 1876 నుండి 1878 వరకు సాగిన ఆ కరవులో రాయలసీమ, తమిళ జిల్లాలు అల్లాడిపోయాయి. పల్లెల నుండి అన్నార్తులు తండోపతండాలుగా మద్రాసు నగరానికి తరలివచ్చారు. చదువు ముగించుకొని జీవితంలో అడుగుపెడుతున్న యువకుని కళ్లెదుట నగరం చూసిన దృశ్యం అది.

ఆయన తోళ్ల పరిశ్రమ, నేత, వర్తక రంగాలలో రాణించారు. ఉత్తర మద్రాసులో నేతశాలను నెలకొల్పి మెరుగైన మగ్గాలను ప్రోత్సహించారు. మిల్లు గుడ్డల పోటీకి తట్టుకోలేక నేత కుటుంబాలు ఒకటొకటిగా వృత్తిని వదులుతున్న తరుణంలో చేనేత మనుగడకు పనితనంతో పాటు పనిముట్టు కూడా మారాలని ఆయన విశ్వసించారు. భారతీయ వర్తకుల ప్రయోజనాల పరిరక్షణ కొరకు 1909లో ఏర్పడిన దక్షిణ భారత వాణిజ్య మండలి స్థాపకులలో ఆయన ముఖ్యులు. ఆ సంస్థకు తొలి అధ్యక్షులుగా వ్యవహరించారు. సంపద గడించినప్పటికీ నిరాడంబరమైన తెల్లని వస్త్రాలే ధరించేవారు. శ్వేతవస్త్రధారిగానే నగర ప్రజలు ఆయనను గుర్తుంచుకున్నారు.

నగర పాలనలో నాలుగు దశాబ్దాలు

స్థానిక స్వపరిపాలనకు దారి తీసిన రిప్పన్ ప్రభువు తీర్మానం వెలువడినది 1882లో. అదే సంవత్సరం త్యాగరాయ శెట్టి మద్రాసు నగర పాలక సంస్థలో సభ్యులుగా ప్రవేశించారు. నాటి నుండి సుమారు నలభై సంవత్సరాల పాటు ఆ సంస్థతో ఆయన అనుబంధం కొనసాగింది. శాసనసభల వలె నగర సభలకు ఆర్భాటం ఉండదు. కుళాయి నీరు, మురుగు కాలువలు, వీధి దీపాలు, మశూచి టీకాలు, ప్రాథమిక పాఠశాలలు అక్కడి నిత్య చర్చనీయాంశాలు. ప్రతి చర్చ చివర రూపాయి, అణా, పైసల లెక్క తప్పనిసరి. అటువంటి లెక్కల నడుమ ఒక తరం కాలం గడిపిన వ్యక్తికి పేదవాడల స్థితిగతులు నివేదికల ద్వారా తెలుసుకోవలసిన అవసరం ఉండదు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే నాటికి ఆహార ధాన్యాల ధరలు విపరీతంగా పెరిగాయి. 1918 సెప్టెంబరులో మద్రాసు నగరంలో బియ్యం, బట్టల కొట్లపై ప్రజలు విరుచుకుపడి లూటీ చేసేంతగా పరిస్థితి విషమించింది. అదే ఏడాది విషజ్వరం దేశమంతటా లక్షలాది ప్రాణాలను బలిగొన్నది. ఇటువంటి కష్టకాలం వెనువెంటనే, అప్పటివరకు అధికారులకే పరిమితమై ఉండిన నగర పాలక సంస్థ అధ్యక్ష పదవి ఎన్నికైన ప్రజాప్రతినిధికి దక్కింది. ఆ గౌరవం పొందిన తొలి వ్యక్తి త్యాగరాయ శెట్టి.

జస్టిస్ పార్టీ స్థాపన

త్యాగరాయ శెట్టి రాజకీయ జీవితంలో 1916 ఒక మలుపు. అంతకు పూర్వం ఆయన కాంగ్రెస్ కార్యకలాపాలలో పాల్గొన్నారు. ప్రభుత్వ ఉద్యోగాలలోను, శాసనసభలలోను, ఉన్నత విద్యలోను బ్రాహ్మణేతర వర్గాలకు తగిన స్థానం లభించడం లేదన్న ఆవేదన అప్పటికి బలపడుతూ వచ్చింది. వైద్యులైన డాక్టర్ టి. ఎం. నాయర్, త్యాగరాయ శెట్టి నగర సభలో తరచు ఒకరినొకరు వ్యతిరేకించుకున్నవారే. వారిరువురినీ ఒక వేదికపైకి తెచ్చిన ఘనత మరొక వైద్యులు సి. నటేశ మొదలియార్‌కు దక్కుతుంది. 1916 నవంబరు 20న ఈ ముగ్గురి పూనికతో దక్షిణ భారత ఉదారవాద సమాఖ్య ఏర్పడింది. సమాఖ్య నడిపిన ఆంగ్ల పత్రిక పేరు జస్టిస్ కావడంతో సంస్థకు ఆ పేరే స్థిరపడిపోయింది. ఆ ఏడాది డిసెంబరులో త్యాగరాయ శెట్టి వెలువరించిన బ్రాహ్మణేతర ప్రణాళిక మద్రాసు రాష్ట్ర రాజకీయాలలో సంచలనం కలిగించింది.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనార్హం. నటేశ మొదలియార్ 1916లో మద్రాసులో నెలకొల్పిన ద్రావిడ గృహం ఒక విద్యార్థి వసతి గృహం. జిల్లాల నుండి చదువుకొనేందుకు వచ్చిన విద్యార్థులకు నగరంలో బస, భోజనం దొరకడం కష్టంగా ఉండేది. కళాశాలలో సీటు దొరికినా పూట గడవక చదువు మానుకొన్నవారు ఉన్నారు. విద్యకు అడ్డుపడేది జీతం ఒక్కటే కాదని, తిండి కూడా అని ఆ ఉద్యమ నాయకులకు అనుభవపూర్వకంగా తెలుసు. కళాశాల విద్యార్థి విషయంలో కనిపించిన ఈ సత్యం ప్రాథమిక పాఠశాల పిల్లల విషయంలో మరింత తీవ్రమైనది.

ప్రథమ మంత్రి పదవిని కాదన్న నేత

1919 భారత ప్రభుత్వ చట్టం ప్రకారం 1920 నవంబరులో మద్రాసు శాసనమండలికి ఎన్నికలు జరిగాయి. ఎన్నిక ద్వారా భర్తీ అయ్యే 98 స్థానాలలో 63 స్థానాలను జస్టిస్ పార్టీ గెలుచుకున్నది. గవర్నరు విల్లింగ్డన్ ప్రభువు మంత్రివర్గాన్ని ఏర్పాటు చేయవలసిందిగా పార్టీ నేత అయిన త్యాగరాయ శెట్టిని ఆహ్వానించారు. ఆయన ఆ పదవిని స్వీకరించలేదు. ఆయన సూచన మేరకు కడలూరుకు చెందిన ఎ. సుబ్బరాయలు రెడ్డియార్ ప్రథమ మంత్రి అయ్యారు. సుబ్బరాయలు అనారోగ్యంతో వైదొలగగా, 1921 జూలైలో కాళహస్తి ప్రాంతానికి చెందిన పానగల్లు రాజా పానగంటి రామరాయణింగారు ఆ బాధ్యతను స్వీకరించారు.

త్యాగరాయ శెట్టి పార్టీ అధ్యక్షులుగాను, నగర పాలక సంస్థ అధ్యక్షులుగాను కొనసాగారు. ప్రభుత్వం ఆయనకు 1921లో సర్ బిరుదునిచ్చి గౌరవించింది. అయితే ఆయన మార్గం అందరికీ ఆమోదయోగ్యం కాలేదు. సహాయ నిరాకరణోద్యమాన్ని జస్టిస్ పార్టీ వ్యతిరేకించడంతో జాతీయవాదుల ఆగ్రహానికి గురయ్యారు. 1922 జనవరిలో వేల్స్ యువరాజు మద్రాసు సందర్శించినప్పుడు చెలరేగిన అల్లర్లలో త్యాగరాయ శెట్టి నివాసంపై దాడి జరిగింది. రాజకీయంగా ఆయనతో విభేదించినవారు నాడూ ఉన్నారు, తరువాతి కాలంలోనూ ఉన్నారు. కానీ ఆయన నగర పాలకునిగా తలపెట్టిన ఒక చిన్న పథకం మాత్రం పార్టీలకు అతీతంగా అనంతర ప్రభుత్వాలన్నింటికీ మార్గదర్శకమైనది.

రోజుకు అణా ఖర్చుతో ఫలహారం

మద్రాసు నగరంలోని థౌజండ్ లైట్స్ ప్రాంతంలో నగర పాలక సంస్థ నడుపుతున్న పాఠశాలలో చదివే పిల్లలు నిరుపేద కుటుంబాలకు చెందినవారు. కడుపు నిండని కారణంగా వారు బడికి సక్రమంగా రాలేకపోవడం, హాజరు పట్టీలో సంఖ్య తగ్గిపోవడం అధ్యక్షుల దృష్టికి వచ్చింది. ఉపాధ్యాయులను మందలించడమో, తల్లిదండ్రులకు జరిమానా విధించడమో నాటి పాలకులకు తెలిసిన మార్గాలు. త్యాగరాయ శెట్టి అందుకు భిన్నమైన ఉపాయాన్ని ఆలోచించారు. ఆ పాఠశాల పిల్లలకు ఉచితంగా ఫలహారం పెట్టాలని, అందుకయ్యే ఖర్చు ఒక్కొక్క విద్యార్థికి రోజుకు ఒక అణాకు మించరాదని ప్రతిపాదించారు. 1920 సెప్టెంబరు 16న నగర సభ ఈ ప్రతిపాదనను ఆమోదించింది. దేశంలో ప్రజాధనంతో బడి పిల్లలకు ఆహారం అందించిన తొలి ప్రయత్నాలలో ఒకటిగా దీనిని పరిగణిస్తారు.

రూపాయిలో పదహారవ వంతు అణా. వందమంది పిల్లలకు ఒక పూట ఫలహారం పెడితే అయ్యే ఖర్చు 6 రూపాయల 4 అణాలు. నగర ఆదాయంతో పోల్చినప్పుడు ఇది స్వల్పమే. అయినా ఈ తీర్మానం సాధారణమైనది కాదు. ఆలయాలలో అన్నసంతర్పణలు, సత్రాలలో భోజనాలు, కరవు కాలంలో గంజి కేంద్రాలు మన సమాజానికి కొత్త కాదు. తూర్పు గోదావరి లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు 1909లో కన్నుమూసే వరకు వేళ కాని వేళలో వచ్చిన బాటసారికి సైతం అన్నం పెట్టి అపర అన్నపూర్ణగా కీర్తి గడించారు. అవన్నీ దాతృత్వానికి నిదర్శనాలు. మద్రాసు నగర సభ చేసిన పని వేరు. బల్లలు, సుద్దముక్కలు, ఉపాధ్యాయుల జీతాల సరసన పిల్లల తిండిని కూడా పాఠశాల ఖర్చుగా లెక్కలో చేర్చింది. దాత మారినప్పుడు దానం ఆగిపోవచ్చును. బడ్జెట్టులో చేరిన పద్దు ఆపాలంటే మాత్రం ఎవరో ఒకరు కారణం చెప్పవలసి ఉంటుంది.

థౌజండ్ లైట్స్ పాఠశాలలో లభించిన ఫలితం చూసి పథకాన్ని మరి నాలుగు పాఠశాలలకు విస్తరించారు. ఈ ఐదు పాఠశాలలలో 1922-23లో 811గా ఉన్న విద్యార్థుల సంఖ్య 1924-25 నాటికి 1,671కి చేరింది. అనగా రెండేళ్ల వ్యవధిలో రెండింతలు దాటింది. ఒక్క అణా ఫలహారం ఎనిమిది వందల మందికి పైగా పిల్లలను కొత్తగా బడి గడప తొక్కించిందని ఈ అంకెలు చెబుతున్నాయి.

ఖాతా తగాదాతో ఆగిన పథకం

పథకం విజయవంతమైనప్పటికీ దానికి ఆటంకం మరొక దిశ నుండి వచ్చింది. మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం 1920లో అమలులోకి వచ్చిన పిమ్మట ప్రాథమిక విద్య కొరకు ప్రత్యేక నిధి ఏర్పాటైంది. పిల్లల ఫలహారానికి ఆ నిధి నుండి ఖర్చు చేయడాన్ని బ్రిటిష్ ప్రభుత్వం అంగీకరించలేదు. చదువు చెప్పడం విద్య, తిండి పెట్టడం విద్య కాదు అన్నది ఆ అభ్యంతరపు సారాంశం. ఫలితంగా 1925 ఏప్రిల్ 1న పథకం నిలిచిపోయింది. హాజరు పట్టీలో పేర్లు రెట్టింపైన పాఠశాలలలో పిల్లలకు ఫలహారం లేకుండా పోయింది.

ఆ 1925 ఏప్రిల్ నెలలోనే 28వ తేదీన త్యాగరాయ శెట్టి 73 సంవత్సరాల వయసులో పరమపదించారు. తాను నాటిన మొక్క వాడిపోవడం చూసి ఆయన కన్నుమూశారు. అది మళ్లీ చిగురించడం చూసేందుకు ఆయన లేరు. నగర పాలక సంస్థ మాత్రం ప్రయత్నం విరమించలేదు. 1927లో పథకం పునఃప్రారంభమై 25 పాఠశాలలలోని వెయ్యిమంది పేద విద్యార్థులకు మేలు చేకూర్చింది. ఒక అధ్యక్షుని సంకల్పంగా మొదలైన పని ఆయన అనంతరం సంస్థ సంప్రదాయంగా మారిందనడానికి ఇదే తార్కాణం.

పొట్ట నింపడం నుండి పోషణ వరకు

త్యాగరాయ శెట్టి కాలంలో పోషకాహార శాస్త్రం శైశవ దశలో ఉన్నది. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ నీలగిరి కొండలలోని కూనూరులో బెరిబెరి వ్యాధిపై ఒక చిన్న పరిశోధన విభాగాన్ని ప్రారంభించారు. మరపట్టిన బియ్యంపైనే ఆధారపడిన దక్షిణాది భోజనం పిల్లల పెరుగుదలకు చాలదని, పప్పులు, పాలు, ఆకుకూరలు, గుడ్లు తోడైన భోజనమే శరీరాన్ని నిలబెడుతుందని అనంతర కాలంలో కూనూరు పరిశోధనలు నిరూపించాయి. 1930లలో అక్కడి శాస్త్రవేత్తలు వెన్న తీసిన పాలు, సోయా చిక్కుడు వంటివి సాధారణ భోజనానికి చేర్చినప్పుడు పిల్లల ఎదుగుదలలో వచ్చే మార్పును కూడా పరిశీలించారు. ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా పేరొందింది.

బియ్యంలో మాంసకృత్తులు లేకపోలేదు. వంద గ్రాముల బియ్యంలో సుమారు 7 గ్రాములు ఉంటాయి. అయితే శరీర నిర్మాణానికి కావలసిన లైసిన్ అనే అంశం బియ్యంలో తక్కువ. కంది, పెసర, మినుము, శనగ వంటి పప్పులలో అది సమృద్ధిగా ఉంటుంది. పప్పులలో కొరవడిన మిథియోనిన్ బియ్యంలో లభిస్తుంది. అందుచేత అన్నం, పప్పు కలిసినప్పుడు ఒకదాని లోటును మరొకటి పూరిస్తుంది. మన పెద్దలు శాస్త్రం తెలియకపోయినా పప్పన్నం, పులగం, ఇడ్లీ వంటి వంటకాలలో ఈ జతను ఆనవాయితీగా పాటించారు. కోడిగుడ్డులో ఆవశ్యకమైన అన్ని అంశాలూ ఉంటాయి. ఒక్క గుడ్డు నుండి సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు లభిస్తాయి. వంద గ్రాముల వేరుశనగ పప్పు సుమారు 25 గ్రాముల మాంసకృత్తులను ఇస్తుంది. రాగులలో సున్నం పాలు ఎక్కువ. ఏ ఒక్క పదార్థమూ అన్నింటినీ ఇవ్వలేదు గనుకనే బడి భోజనంలో వైవిధ్యం అవసరమైంది.

గుంటూరు సీమకు చేరిన పళ్లెం

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడడంతో గుంటూరు జిల్లా మద్రాసు నుండి విడివడింది. ఆ తరువాత 1956లో కామరాజ్ నాడార్ ప్రభుత్వం మద్రాసు రాష్ట్రమంతటా బడులలో మధ్యాహ్న భోజనానికి శ్రీకారం చుట్టింది. 1982లో ఎం. జి. రామచంద్రన్ ప్రభుత్వం దానిని మరింత విస్తరించింది. త్యాగరాయ శెట్టి పథకపు వారసత్వం ఆ విధంగా తమిళనాట కొనసాగగా, తెలుగు జిల్లాలలో పిల్లలు 1960, 1970 దశకాలలో కేర్ సంస్థ సహాయంతో పెట్టిన ఉప్మా, పాలపొడి పాలతో సరిపెట్టుకున్నారు.

1995 ఆగస్టు 15న ప్రారంభమైన జాతీయ పథకం కింద తొలినాళ్లలో విద్యార్థి ఇంటికి నెలకు 3 కిలోల ధాన్యం ఇచ్చే పద్ధతి పలు రాష్ట్రాలలో అమలైంది. ఇంటికి చేరిన బియ్యం ఇంటిల్లిపాదికీ పంపకమయ్యేది. వండిన భోజనాన్నే బడిలో పెట్టాలని, అందులో కనీసం 300 కేలరీల శక్తి, 8 నుండి 12 గ్రాముల మాంసకృత్తులు ఉండాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. తదనుగుణంగా 2003 జనవరిలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మహిళా సంఘాల ద్వారా వండిన భోజనాన్ని అమలులోకి తెచ్చింది. 2006లో ప్రాథమిక తరగతుల పిల్లలకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు కనీస ప్రమాణంగా నిర్ణయమైంది. ప్రాథమికోన్నత తరగతులకు ఇది 700 కేలరీలు, 20 గ్రాములు.

ఈ ప్రమాణం పళ్లెంలో ఏ విధంగా కుదురుతుందో చూడవచ్చును. ప్రాథమిక తరగతి విద్యార్థికి కేటాయించిన బియ్యం 100 గ్రాములు, పప్పు 20 గ్రాములు. బియ్యం నుండి 7 గ్రాములు, పప్పు నుండి సుమారు నాలుగున్నర గ్రాములు లభిస్తే మొత్తం పదకొండున్నర గ్రాములు. కూరగాయలతో కలిపి 12 గ్రాముల గీత అందుతుంది. పప్పు పలుచబడి నీళ్లచారుగా మారిన రోజున ఆ గీత అందదు. దానికి ఒక గుడ్డు తోడైతే మాంసకృత్తులు ఒక్కసారిగా ఒకటిన్నర రెట్లవుతాయి. ధరలు పెరిగినప్పుడు వంటశాలలో ముందుగా చేయి వెనుకాడేది పప్పు, గుడ్ల విషయంలోనే. కావున ఈ రెండింటికీ కొలత, పద్దు స్పష్టంగా ఉండడం అత్యంత ఆవశ్యకం. నాడు మద్రాసులో అణా పద్దు గురించి జరిగిన వాదం నేటికీ ఈ రూపంలో సజీవంగానే ఉన్నది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో రోజుకొక రకం వంటకంతో కూడిన భోజన పట్టిక అమలులోకి వచ్చింది. వారానికి ఐదు గుడ్లు, మూడు రోజులు వేరుశనగ, బెల్లంతో చేసిన చిక్కీ అందులో భాగమయ్యాయి. 2023 మార్చిలో వారానికి మూడు రోజులు రాగిజావ చేరింది. 2024లో ఈ పథకానికి డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం అని నామకరణం జరిగింది. 2025 జనవరిలో ప్రభుత్వ జూనియర్ కళాశాలల విద్యార్థులకు, 2025 జూన్ నుండి సన్నబియ్యంతో భోజనం అందించడానికి పథకం విస్తరించింది. ప్రాంతాల వారీ అభిరుచులకు తగినట్లు భోజన పట్టికలను రూపొందించడం మరొక ముందడుగు. పిల్లవాడు ఇష్టంగా తిననిది ఎంత బలవర్ధకమైనా పళ్లెంలోనే మిగిలిపోతుంది.

గుంటూరు, ప్రకాశం మైదానాలు పత్తికి, మిరపకు ప్రసిద్ధి చెందినప్పటికీ పప్పుధాన్యాలకు కూడా పుట్టినిల్లు వంటివి. వరి మాగాణులలో కోత అనంతరం చల్లే మినుము, పెసర, ప్రకాశం నల్లరేగడిలో పండే శనగ, మెట్ట చేలలోని కంది ఈ సీమ రైతులకు చిరపరిచితాలు. నల్లపాడుకు చేరువలోనే ఉన్న లాం వ్యవసాయ పరిశోధన కేంద్రం నుండి వెలువడిన మినుము, కంది వంగడాలు రైతుల ఆదరణ పొందాయి. పప్పులు పండించే నేలపై, ఆ చేలలో కూలికి వెళ్లే తల్లుల పిల్లలకు బడిలో గట్టి పప్పు దక్కడం న్యాయం.

చిరస్మరణీయ సేవ

త్యాగరాయ శెట్టి పేరిట చెన్నైలో విశాలమైన నగర భాగం, కళాశాల, సభామందిరం వెలిశాయి. నగర పాలక సంస్థ కార్యాలయమైన రిప్పన్ భవనం ఎదుట ఆయన విగ్రహం నెలకొని ఉన్నది. ఆయన స్థాపించిన పార్టీ కాలగర్భంలో కలిసిపోయింది. ఆయన పొందిన బిరుదులను ఇచ్చిన సామ్రాజ్యం అస్తమించింది. మిగిలినది ఆయన నగర సభలో ప్రవేశపెట్టిన ఆ చిన్న తీర్మానపు సారం. పిల్లవాని ఆకలి తీర్చడం విద్యలో భాగమని ఆయన చెప్పిన నాడు ప్రభుత్వం అంగీకరించలేదు. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం బడి భోజనాన్ని పిల్లల హక్కుగా గుర్తించింది. ఆ గుర్తింపు రావడానికి తీర్మానం జరిగిన నాటి నుండి 93 సంవత్సరాలు పట్టింది.

ఒక అణాతో మొదలైన ఈ ప్రయాణంలో తొలి ప్రశ్న పిల్లవానికి తిండి పెట్టాలా వద్దా అన్నది. ఆ ప్రశ్న నేడు లేదు. ఆ తిండిలో ఏమి ఉన్నది, ఎంత ఉన్నది, ప్రతి రోజూ ప్రతి పిల్లవానికీ అందుతున్నదా అన్నది నేటి ప్రశ్న. మిరప కల్లాల నుండి, పత్తి చేల నుండి బడికి వచ్చే ప్రతి చిన్నారి పళ్లెంలో పప్పు చిక్కగా, గుడ్డు తప్పనిసరిగా ఉండేలా చూడడమే సర్ పిట్టి త్యాగరాయ శెట్టికి మనం అర్పించగల నిజమైన నివాళి.